గిటార్ కేబుల్‌లో దగ్గు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇదంతా చెప్పాక మీరు నవ్వినా సరే, ఇప్పటికీ లేదనే అంటాను. హనుమకొండలో పదమూడేళ్లుగా చిన్న రికార్డింగ్ గది నడుపుతున్నాను. "అన్నా, మా స్పీకర్ల ఎవలో ఏడుస్తాండ్రు" అంటూ బిక్కుబిక్కుమని వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. విప్పి చూస్తే ఎక్కడో సోల్డరింగ్ ఊడి ఉండేది. రెండు నిమిషాల్లో అతికించి, దయ్యాన్ని వదిలించాను కాబట్టి చాయ్ తాగించమని ఆటపట్టించేవాణ్ని.

మా దగ్గర ఎక్కువగా అయ్యేవి యాది పాటలు. ఇంట్లో ఎవరైనా చనిపోతే, ఆ మనిషి పేరు, చేసిన పని, పిల్లల పేర్లు చెప్పి పాట కట్టించుకుంటారు. కొందరు దశదినానికి చేయిస్తారు, కొందరు సంవత్సరీకానికి. ఫోటోకు దండేసి, పక్కన స్పీకర్ పెట్టి వినిపిస్తారు.

పోయిన చలికాలం మొదట్లో కొమురమ్మ అనే ఆమె వచ్చింది. యాభై దాటి ఉంటుంది. భర్త సాంబయ్య ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీ. చనిపోయి పదకొండు నెలలైంది. నాకు ఆయన ఎవరో తెలియదు. ఆమె తెచ్చిన ఫోటోలో చూడడమే.

మధ్యాహ్నం మూడు గంటలప్పుడు మా గిటార్ నరేశ్ ట్యూన్ వినిపించడానికి కూర్చున్నాడు. గాయకుడు మర్నాడు వస్తాడు కనుక మైకు కూడా పెట్టలేదు. అద్దానికి అవతల నరేశ్, ఇవతల నేనూ కొమురమ్మా. ముగ్గురికీ హెడ్‌ఫోన్లు ఉన్నాయి.

ట్యూనే కదా అని నరేశ్ తన పాత కేబుల్‌నే గోడకున్న రంధ్రంలోంచి ఇవతలికి లాగాడు. మామూలు గిటార్ కేబుల్‌లో ఒకే వైరు, దాని చుట్టూ జాలీ ఉంటాయి. దాన్ని అన్‌బ్యాలెన్స్‌డ్ అంటారు. పొడుగు ఎక్కువైతే యాంటెన్నాలా పనిచేసి ట్యూబ్‌లైటు, ఫ్యాను, పక్కింటి మోటారు, అన్నిటి రొదనూ మోసుకొస్తుంది. ఆ రోజూ గుయ్యిమని ఒకటే మోత.

ఆ మోతలోనే దగ్గు వినిపించింది. రెండు పొడి దగ్గులు, కాస్త ఆగి గొంతు సవరించుకున్న చప్పుడు. నరేశ్ అనుకుని అద్దంలోంచి చూశాను. అతను నేను దగ్గాననుకుని నా వైపు చూస్తున్నాడు. మళ్లీ వచ్చింది, అచ్చం అలాగే. ఈసారి ఇద్దరం ఒకరి మూతి ఒకరం చూసుకుంటూనే ఉన్నాం.

హెడ్‌ఫోన్ వైరు లోపమేమో అని ఒక్క క్షణం అనుకున్నాను. కానీ మూడూ వేరు వేరు వైర్లు. పైగా హెడ్‌ఫోన్‌కు వెళ్లే సౌండ్ బలంగా ఉంటుంది, బయటి చప్పుడు దాన్ని అంత తేలిగ్గా చెడగొట్టదు. తప్పంతా గిటార్ కేబుల్‌దేనని తేల్చేశాను.

కొమురమ్మ నిటారుగా కూర్చుని, హెడ్‌ఫోన్‌ను రెండు అరచేతులతో చెవులకు అదుముకుని ఉంది. మోతకు ఇబ్బంది పడుతోందనుకున్నాను.

"జర ఆగు చిన్నమ్మా, ఈ సప్పుడంత తీసేస్త" అన్నాను.

బ్యాలెన్స్‌డ్ కేబుల్‌లో రెండు వైర్లుంటాయి. ఒకే సౌండ్ ఒకదాంట్లో సూటిగా, రెండోదాంట్లో తలకిందులుగా వెళ్తుంది. దారిలో బయటి చప్పుడు రెండింటి మీదా సమానంగా పడుతుంది కనుక, చివర్లో తలకిందులైనదాన్ని సరిచేసినప్పుడు దాంట్లోని చప్పుడు తలకిందులై, రెండూ కలిపేటప్పటికి కొట్టుకుపోతుంది. గిటార్ దగ్గర సౌండ్‌ను అలా రెండుగా చేసే చిన్న డబ్బా ఒకటి తగిలించి, ఆ కేబుల్ వేశాను. ఐదు నిమిషాల పని. మోత పోయింది. దగ్గూ పోయింది. గిటార్ ఒక్కటే శుభ్రంగా పలికింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

"ఇప్పుడు మంచిగున్నదా చిన్నమ్మా?"

ఆమె నా వైపు చూసింది.

"ఆయినెను ఎందుకు తీసేసినవ్ కొడుకా?"

మేం దగ్గు విన్నామని ఆమెకు ఎవరమూ చెప్పలేదు.

వెంటనే పాత కేబుల్ పెట్టాను. మోత వచ్చింది, దగ్గు రాలేదు. నరేశ్‌ను అదే కుర్చీలో, అదే వైపు కూర్చోబెట్టాను. ఫ్యాను వేశాను, ఆపాను. కేబుల్‌ను ముందున్నట్టే నేల మీద పరిచాను. చీకటి పడేదాకా కొమురమ్మ "ఇంకొక్కపారి పెట్టు బిడ్డా" అంటూనే ఉంది. నరేశ్ వేళ్లు కందిపోయాయి. కంప్యూటర్లో మొదటి ట్రాక్ భద్రంగానే ఉంది. అందులో గిటార్ ఉంది, మోత ఉంది. మేం ముగ్గురం దగ్గు విన్నచోట ఏమీ లేదు.

అప్పుడు చెప్పింది. "మిర్చి ఘాటుకు రాత్రంత దగ్గుతుండె. నేను పొద్దుగాల్నే కూలికి పోవాలె, నిద్ర లేకపాయె. ఆ రాత్రి కోపానికొచ్చి, సాప తీస్కోని అరుగు మీదికి పో అన్న. జరసేపు దగ్గిండు. తర్వాత సప్పుడు లేదు. అమ్మయ్య, నిద్ర పట్టిందనుకోని నేను గూడ మంచిగ పండుకున్న."

తెల్లారి లేపితే లేవలేదట.

నీ తప్పేం లేదు చిన్నమ్మా అన్నాను. నా మాట నాకే చప్పగా తోచింది. ఆమె వినిపించుకున్నట్టు కూడా లేదు.

వీధిలో ప్రచారానికి తిరిగే ఏ ఆటో మైకో, ఎవరి ఫోనో ఆ వైరులోకి దూరి ఉంటుందని నరేశ్ అన్నాడు. దూరవచ్చు, రేడియో మాటలు దూరడం నేను విన్నాను. కానీ రెండుసార్లూ ఒకే తీరుగా దగ్గి, గొంతు సవరించుకుని, సరిగ్గా నేను కేబుల్ మార్చగానే మానేసిన ఆటో ఏదో నాకు అంతు పట్టలేదు.

సంవత్సరీకం అయిపోయింది. ఆమె మాత్రం నెలకోసారి వస్తుంది. పాత కేబుల్ పెట్టమంటుంది, గంట సేపు హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటుంది. రావద్దని చెప్పలేను. వస్తే ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. పోయినసారి లేచి వెళ్తూ గడప దగ్గర ఆగింది.

"నేను తిట్టిన్నని అలిగిండా కొడుకా, నువ్వు తీసేసినవని పోయిండా?"

పదమూడేళ్లుగా చప్పుళ్లకు కారణాలు వెతికి పెడుతున్నవాణ్ని. ఆమె వెళ్లాక, పాత కేబుల్ తీయకుండానే, ఆమె పెట్టుకున్న హెడ్‌ఫోన్ నేను పెట్టుకున్నాను.