బంగ్లోళ్లు

రాయచూరులో మమ్మల్ని బంగ్లోళ్లు అంటారు. హట్టి బంగారు గనిని ఇంగ్లిషువాళ్లు నడిపిన రోజుల్లో మా ముత్తాత దొర బంగళాలో గుమస్తా అని, ఆ పేరు అలా వచ్చిందని నాన్న నమ్మకం. శక్తినగర్ థర్మల్ ప్లాంటులో తనతో పనిచేసే వాళ్లందరికీ ఆ మాట గొప్పగా చెప్పుకునేవాడు.

నేను కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఏడు, బాబును చూపించడానికి హట్టిలో ఉండే నాన్న మేనత్త దగ్గరికి వెళ్లాం. ముత్తాత పిల్లల్లో మిగిలింది ఆ అవ్వ ఒక్కతే. నాన్నకు ఆ బంగళా కూడా చూడాలని ఉంది.

అవ్వ కర్ర పట్టుకుని మాతో నడిచింది. గుట్ట మీద మందపాటి రాతి గోడల ఇల్లు, ముందు వెడల్పాటి వరండా, తలుపులకు తాళాలు. నాన్న కిటికీలోంచి లోపలికి చూస్తూ, "తాత యాడ కూసొని లెక్కలు రాస్తుండె, అత్తా?" అని అడిగాడు.

"లెక్కలేంది? మా నాయనకు సంతకం గూడ రాదు. గనిల రాళ్లు మోసిండు. ఈ ఇంట్ల ఉన్నది మా అమ్మ."

వరండా మెట్ల మీద కూర్చుని చెప్పింది. దొరసాని కాన్పయి జ్వరంతో పడితే పాలు ఎండిపోయాయట. అప్పుడే మా తాతను కన్న మా ముత్తవ్వను పాలివ్వడానికి పిలిపించారు. జబ్బులు అంటుకుంటాయన్న భయంతో ఇంటికి కూడా పోనిచ్చేవారు కాదు.

"మరి మా నాయన?" అన్నాడు నాన్న.

"ఇంట్ల ముసలామె కాడ ఇడిసిపెట్టి వచ్చింది. మేకపాలు తాగి పెరిగిండు."

కొన్నేళ్లకు దొరలు తమ దేశానికి తిరిగి వెళ్లేటప్పుడు దొరసాని అక్కడి తమ ఇంటి ఫోటో చూపించి, వెంట రమ్మందట. కోటంత ఇల్లు, గోడల నిండా పాకిన తీగలు. ముత్తవ్వ రానని చెప్పి ఇంటికి వచ్చేసింది. ఆమెను చూసి కొడుకు ఏడుస్తూ లోపలికి పరిగెత్తాడు. ఊళ్లో పిల్లలందరూ ఆమెను బంగ్లమ్మ అంటుంటే వాడూ అలాగే పిలిచాడు.

"పెండ్లయ్యేదాంక బంగ్లమ్మ అనే అన్నడు, అమ్మా అనలే. మనకు ఆ పేరు గట్ల వచ్చింది," అంది అవ్వ.

బాబు ఆకలికి ఏడ్చాడు. గోడ వైపు తిరిగి పాలిస్తూ కూర్చున్నాను. ఒక్క పూట ఆలస్యమైతేనే నాకు రొమ్ములు సలుపుతాయి. ఆ పాలు మరొక బిడ్డకు ఇస్తూ, సొంత బిడ్డ ఏం తాగాడోనన్న బెంగను ఆమె ఎలా ఓర్చుకుందో ఊహకు అందలేదు.

"అవ్వా, ఆ దొర పిల్లగాని మీద ఆమెకు మనసుండేనా?"

"ఉండదా, పిల్లా? పాలిచ్చినంక ఎవలి బిడ్డయితేంది? వాడు పోయినంక శానా దినాలు అన్నం సయించలేదంట."

తిరుగు బస్సులో నాన్న కిటికీ పక్కన కూర్చుని ఆ గుట్ట వైపే చూస్తున్నాడు. ఇన్నేళ్ల గొప్ప పోయిందని బాధపడుతున్నాడనుకున్నాను.

"మన సాయిబులు గిట్లాంటోళ్లను దూద్‌భాయి అంటరు. ఒక్క తల్లి పాలు తాగినోళ్లు అన్నదమ్ములే," అన్నాడు ఉన్నట్టుండి. "ఆ లెక్కన ఆ పిల్లగాడు నాకు పెదనాయనో చిన్నాయనో అయితడు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. బస్సు కవితాళ దాటాక మళ్లీ అన్నాడు:

"వాని పేరన్న అడగాల్సుండె."