రంపం తన్నిన రోజు, నేను దూర్చిన మొల

కోరుట్ల బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో ఎవర్నడిగినా చెబుతారు, మా బిడ్డ దుకాణంలో కరెంటు రంపం పులిలా నా మీదికి దూకితే ఒంటిచేత్తో దాని గొంతు పట్టుకున్నానని. సాక్ష్యంగా లుంగీకి పడిన చిల్లు కూడా వాళ్లు చూశారు. ఆ కథ చెప్పింది నేనే. మొదటిరోజు రంపం రెండు గజాలు ఎగిరింది. వారం తిరిగేసరికి రేకుల కప్పు దాకా పోయింది. ఇక్కడ మాత్రం జరిగింది జరిగినట్టు రాస్తాను, వీలైనంత వరకు.

మా బిడ్డకు వడ్రంగి దుకాణం ఉంది. మంచాలు, బీరువాలు, దుకాణాల కౌంటర్లు చేస్తుంది. పని నా దగ్గర నేర్చుకుంది. నేను మస్కట్‌లో నేర్చుకున్నాను. అంతకుముందు మా ఇంట్లో అందరూ తాటిచెట్లు ఎక్కినవాళ్లే. అందుకే మాకు చేతి కంటే కాలి పట్టు మీద నమ్మకం ఎక్కువ. పలకను రెండు స్టూళ్ల మీద పెట్టి, ఎడమకాలితో తొక్కిపట్టి కోస్తాను. చేతిరంపంతో నలభై ఏళ్లు అలాగే కోశాను. నలభై అన్నానా, ముప్పై అనుకోండి.

పోయిన ఏడాది బిడ్డ జగిత్యాల వెళ్లి ట్రాక్ రంపం తెచ్చింది. పొడుగాటి అల్యూమినియం పట్టీని పలక మీద పరిచి, దాని వెంట రంపాన్ని నడిపిస్తే అడ్డకోత గీత గీసినట్టు వస్తుంది. పట్టీ కదలకుండా రెండు క్లాంపులు బిగించాలి. నాకు చూపించీ చూపించీ, చివరికి వేలెత్తి చెప్పింది.

"బాపూ, ఇది చేతిరంపం గాదు. బ్లేడు ఇరుక్కున్నదంటే ఎనుకకు తంతది. ఒక్కసారి తన్నిందనుకో, నిన్ను మళ్ల మిషను కాడికి రానియ్య. కుర్చేసి కూసోవెడత. ఫోన్లు ఎత్తుకుంట ఉందువు."

గల్ఫ్‌లో ఎండకు భయపడలేదు గానీ ఆ కుర్చీకి మాత్రం భయపడ్డాను. పగలంతా కూర్చుని "హలో, మేడం బయటికి పోయింది" అని చెప్పడానికా ఈ చేతులు.

సిరిసిల్లలో చీరల దుకాణం వాళ్లు టేకు కౌంటరు అడిగారు. జగిత్యాల టింబర్ డిపో నుంచి వెడల్పాటి పలకలు నాలుగు వచ్చాయి. ఆ మధ్యాహ్నం బిడ్డ కొలతల కోసం ఎవరింటికో వెళ్లింది. నేను ఊరికే ఉంటానా. పలకను స్టూళ్ల మీద వేశాను, ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. కొయ్యాల్సింది నడుమ. పట్టీ పరిచాను. క్లాంపులు గోడకు వేలాడుతున్నాయి, వేలాడనీ అనుకున్నాను. కాలు వేశాను. సరిగ్గా రంపం వెనకాలే నిలబడి స్విచ్ నొక్కాను.

సగం దాకా హాయిగా పోయింది. అప్పుడు నా కాలి బరువుకే పలక నడుమ కిందికి కుంగింది. పైన కోత మూసుకుపోయి, రెండు వైపుల చెక్కా బ్లేడును పటకారులా పట్టుకుంది. మోటారు ఒక్క అరుపు అరిచి, రంపం పట్టీతో సహా నా పొట్ట మీదికి వచ్చింది. రెండు గజాలు కాదు, జానెడు. నేను దాన్ని పట్టుకోనూ లేదు, వదిలేసి వెల్లకిలా పడ్డాను. చెయ్యి తీస్తే బ్లేడు దానంతట అదే లోపలికి పోయే మిషను కాబట్టి పొట్ట మిగిలింది. లుంగీ చిల్లు సంగతి అంటారా, అది పాత బీడీ నిప్పుది.

పలక మీద కోత పక్కన వంకర గాటు పడింది. అంతలో బయట బిడ్డ స్కూటీ చప్పుడు. పలకలో ఇనుప మొల ఉందని చెబుదామనుకున్నాను. చెబితే మొల చూపించాలి కదా. డబ్బాలోంచి ఒకటి తీసి, సుత్తితో వంచి, కోతలోకి దూర్చాను.

"ఏమైంది బాపూ?"

"చెక్కల మొల ఉన్నది బిడ్డా. డిపోవోడు చూసుకోలే. బ్లేడుకు తాకి తన్నింది. నేనున్న గాబట్టి ఆగింది."

ఆమె నా వీపుకు అంటిన రంపపు పొట్టు చూసింది. వంగి, గోటితో మొలను పైకి లాగింది. వెలుతురులో అటూ ఇటూ తిప్పింది.

"మన డబ్బల మొలను అడివిల టేకు చెట్టు ఎట్ల మింగింది బాపూ? తుప్పు గూడ పట్టలే."

దుకాణం ఫోన్ తీసింది. "సరే తియ్యి. డిపోకు ఫోన్ చేస్త, పలక వాపస్ తీసుకపొమ్మంట."

ఆ డిపో ఆయన నాకు ఎన్నో ఏళ్లుగా తెలుసు. పచ్చి చెక్కను ఎండిందని అమ్మిన మనిషి కాదు. రేపు ఆయన ఎదురైతే ఏ ముఖంతో పలకరించాలి.

"చెయ్యకు. మొల నేనే వెట్టిన," అన్నాను.

"ఎరికే."

"క్లాంపులు వెట్టలే. కాలేసిన."

"గదీ ఎరికే. పలక మీద నీ చెప్పు అచ్చున్నది."

ఇక కుర్చీ తెస్తుందనుకున్నాను. లోపలికి వెళ్లి మందపాటి థర్మోకోల్ షీటు తెచ్చి నేల మీద పరిచింది. "గదే పలక. గాటు పడ్డ తావు ఇడిసి మళ్ల కొయ్యి. నేను చూస్త."

పలక మొత్తం షీటు మీద ఆనింది. కోతకు అటు ముక్కా ఇటు ముక్కా కుంగడానికి జాగా లేదు. క్లాంపులు బిగించాను. బ్లేడు లోతు పలక మందం కంటే కొంచెమే ఎక్కువ పెట్టాను. రంపం దారిలోంచి పక్కకు జరిగి, బ్లేడు పూర్తి వేగం అందుకున్నాకే చెక్కలోకి దింపాను. ఎడమకాలు దానంతట అదే లేచింది.

"కాలు," అంది బిడ్డ.

దించాను. తొందరపెట్టకుండా రంపాన్ని దాని నడకన పోనిచ్చాను. ముక్క విడిపోయి, ఉన్నచోటే పడుకుంది.

ఆమె కోతను బొటనవేలితో తడిమి చూస్తుండగా ఫోన్ మోగింది. సిరిసిల్ల వాళ్లు. శిక్ష మొదలైందనుకుని రంపం కింద పెట్టి అటు నడిచాను.

"ఏడికి? ఇంక మూడు పలకలున్నయి," అంది నా ముందునుంచి చెయ్యి చాపి. "ఫోన్ నేనెత్తుత."