సముద్రానికి వీపు

వసంతకుమారిని మామూలు మనిషి అనుకునేరు! దివిసీమలో పుట్టి, మిషన్ హాస్టల్లో పెరిగి, పదో తరగతి ఫస్టుక్లాసులో పాసైన మనిషి. వాళ్ళ ఊరి ఆడపిల్లల్లో ఆ ఘనత మొదట ఆమెదే. కాలిఫోర్నియా వచ్చాక, భర్త వద్దంటున్నా వినకుండా నలభై దాటిన వయసులో కారు నేర్చుకుంది. ఫ్రీవే మీద పెద్దపెద్ద ట్రక్కుల మధ్య నుంచి సూదిలో దారంలా దూరిపోయేది. డేకేర్‌లో ఉద్యోగం చేసి, ఏ దేశపు పిల్లనైనా తెలుగు జోలపాటతోనే నిద్రపుచ్చింది. ఇర్వైన్‌లో తెలుగు క్రైస్తవ సంఘానికి సండేస్కూలు పెట్టింది ఆమే. క్రిస్మస్‌కి మూడొందల మందికి బిర్యానీ వండించి, ఒక్క గింజ మాడకుండా దింపించింది ఆమే. సంఘంలో ఏ తగువొచ్చినా, "వసంతమ్మగారు ఏమన్నారు?" అని అడిగాకే మిగతా మాట.

ఇక బాప్తిస్మాల సంగతి చెప్పక్కర్లేదు. కృష్ణా కాలవల్లో ఎలా ఇస్తారో ఇక్కడా అలాగే జరగాలని ఆమె పట్టు. తెల్లబట్టలు కట్టాలి. తీసుకునేది ఆడపిల్లయితే, పాస్టరు అయ్యగారు ఒక పక్కా, సంఘంలో ఒక పెద్దావిడ మరో పక్కా నీళ్ళలో నిలబడి చెరో చెయ్యీ పట్టాలి. ముగ్గురి ముఖాలూ ఒడ్డున పాడుతున్న సంఘం వైపే ఉండాలి.

"సాక్ష్యం చెప్పేది ముఖం. వీపు కాదు" అనేది.

ఇర్వైన్‌లో కాలవలెక్కడివి? అందుకని సుందర్ రాజ్ అయ్యగారి ఇంటి వెనక స్విమ్మింగ్‌పూలే వాళ్ళకి కృష్ణమ్మ అయింది. ఆ నడుంలోతు నీళ్ళలో ఆమె చెయ్యి పట్టుకుని మునిగి లేచిన ఆడపిల్లలు ఎందరో. ఒక్కరి కాలు జారిందంటే ఒట్టు.

ఇన్ని చేసిన మనిషికి భయమేమిటంటారా? ఉంది. స్విమ్మింగ్‌పూల్ అంటే కాదు. పూల్ అడుగున నీలం పెంకులు కనిపిస్తాయి, నాలుగు వైపులా గోడలుంటాయి. ఆమె భయం సముద్రం. సంఘమంతా బీచ్‌కి పిక్నిక్ వెళితే, "ఎవరో ఒకరు కోడి కాల్చాలిగా" అంటూ పొయ్యి దగ్గరే ఉండిపోయేది. సముద్రం వైపు వీపు పెట్టి కూర్చునేది కాదు. ముఖం పెట్టి చూసేదీ కాదు. పక్కగా కూర్చుని, చెవి అటు వేసి ఉంచేది.

డెబ్బై ఏడు ఉప్పెన నాటికి ఆమెకి పన్నెండేళ్ళు. నీళ్ళు ఇంటి చూరు దాటి వస్తుంటే, అమ్మ ఒంటి మీది చీర విప్పి, పిల్లని తాటిచెట్టుకి కట్టేసింది. తెల్లారి నీళ్ళు తీశాక చెట్టుకి పిల్ల ఉంది, చీర ఉంది. అమ్మ లేదు. ముడి తడికి బిగిసి రాయిలా అయిపోతే, వచ్చినవాళ్ళు కొడవలితో కోశారు. ఈ సంగతి ఆమె సంఘంలో సాక్ష్యంగా ఎన్నోసార్లు చెప్పింది, తలెత్తుకుని చెప్పింది. కానీ ఇప్పటికీ అల చప్పుడు వింటే తన చేతి వేళ్ళు వాటంతటవే కొంగు ముడేస్తాయని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మనవరాలు ఎలీనా బాప్తిస్మం తీసుకుంటానన్నప్పుడు ఆమె కాలు నేల మీద నిలవలేదు. కూతురు కరుణ ఇంట్లో భోజనాల దగ్గర ఆ పిల్ల రెండో మాట కూడా చెప్పింది.

"నాకు పూల్ వద్దు, అమ్మమ్మా. పూల్‌లో నేను ఎవ్రీ డే ప్రాక్టీస్ చేస్తా. బాప్తిస్మం కూడా అక్కడే అయితే, ఇంకో ప్రాక్టీస్ లాగ ఉంటుంది."

పిల్ల హైస్కూల్ స్విమ్ టీమ్‌లో ఉంది. చేపపిల్ల.

"మరి ఎక్కడే?"

"కాటలీనా ఐలాండ్. మేం స్విమ్ క్యాంప్‌కి వెళ్ళిన చోటు. అక్కడ కొండల మధ్య చిన్న కోవ్ ఉంది."

వసంతకుమారి చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది. "సముద్రంలో అలలుంటాయి కదమ్మా."

"అక్కడ ఉండవు. ఇట్స్ లైక్ ఎ బౌల్. నువ్వు స్కేర్డ్ ఆ, అమ్మమ్మా?"

"నాకా? భయమా?"

కరుణ తల్లి ముఖం చూసింది. "అమ్మా, నీకు ఇబ్బందైతే చెప్పు. సంఘంలో ప్రసన్న ఆంటీ ఉన్నారుగా, ఆవిడ పట్టుకుంటారు చెయ్యి."

ఆ మాట అనకుండా ఉంటే కథ వేరేగా ఉండేదేమో. "నా మనవరాలి చెయ్యి ప్రసన్న పట్టుకుంటుందా? నేను బతికుండగానే?" అని వసంతకుమారి కంచం ముందునుంచి లేచింది. అంతే. ఖాయమైపోయింది.

ఫెర్రీలో ఆమె హ్యాండ్‌బ్యాగ్ వైపే చూస్తూ కూర్చుంది. డాల్ఫిన్లు కనిపించాయని అందరూ రెయిలింగ్ దగ్గరికి పరుగెత్తారు. ఆమె కదల్లేదు. సంఘంలో పాటలు పాడించే షాలేం రాజు వచ్చి పక్కన కూలబడ్డాడు.

"ఏం వదినా, దివిసీమ ఆడపడుచువి, సముద్రం పుట్టిల్లు గదా నీకు! అలా ముడుచుకుపోయావేం?"

"పుట్టింటి సంగతి పుట్టినవాళ్ళకే తెలుస్తుందిలే, షాలేమూ. నువ్వెళ్ళి గొంతు సవరించుకో. పోయినసారి పల్లవిలోనే దారి తప్పావు."

"అమ్మో, నోటికి మాత్రం భయం లేదు!" అనుకుంటూ లేచాడతను. నవ్వుతూనే అన్నాడు. ఆమె మాత్రం కొంగు ముడేస్తూ ఉంది.

పడవ దిగితే కొండవాలున ఎర్రపెంకుల తెల్ల ఇళ్ళు. ఇటలీలో దిగినట్టుందని కరుణ ఫోటోలు తీసింది. అక్కడినుంచి కొండ అంచున రోడ్డు పట్టుకుని నడిచి కోవ్ చేరారు. మన వైపు సముద్రమంటే చూపు ఆనని ఇసక. ఇక్కడలా కాదు. రెండు కొండలు మోచేతులు చాపి, కాసిని నీళ్ళని ఒడిలో పెట్టుకున్నట్టుంది. ఒడ్డున ఇసక లేదు, గుండ్రటి గులకరాళ్ళు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. నారింజరంగు చేప ఒకటి రాయి చుట్టూ తిరగడం ఒడ్డునుంచే కనిపిస్తోంది.

అడుగు కనిపిస్తోంది కదా అని ఆమె ప్రాణం కాస్త కుదుటపడింది. అంతలో చూపు ఇంకాస్త ముందుకు వెళ్ళింది. ఒడ్డుకి రెండు మూడు బారల అవతల లేతనీలం ఒక్కసారిగా నల్లబడింది.

"అక్కడేముందే?"

"డ్రాప్ ఆఫ్, అమ్మమ్మా. సడన్‌గా డీప్ అవుతుంది. మనం అంత దూరం వెళ్ళంలే."

వసంతకుమారి ఒడ్డున నిలబడి, తన తెల్ల నేతచీర కొంగు తీసి, తెల్లకుర్తా వేసుకున్న పిల్ల నడుం చుట్టూ తిప్పి ముడేసింది. మామూలు ముడి కాదు. అమ్మ ఆనాడు తాటిచెట్టు దగ్గర వేసిన ముడి. లాగేకొద్దీ బిగిసేది.

"ఇదేంటి?" అంది ఎలీనా.

"పద్ధతి. కుర్తా నీళ్ళలో పైకి తేలకూడదు."

అటువంటి పద్ధతి కృష్ణా కాలవల్లో గాని, పూల్‌లో గాని ఎవరూ చూసి ఎరుగరు. కానీ అన్నది వసంతమ్మగారు. అయ్యగారు కూడా తలూపాడు. ఒడ్డున ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్న షాలేం రాజూ ఏమనలేదు. ఆమె మాట మీద అంత నమ్మకం మరి.

నీళ్ళు చల్లగా, కత్తిలా తగిలాయి. అడుగు వేస్తే గులకరాళ్ళు పాదం కింద జారుతున్నాయి. పొడవాటి నాచు ఒకటి కాలికి చుట్టుకుంటే, ఆమె నోట అరుపు వచ్చేదే, పళ్ళ మధ్య కొరికేసింది. నడుంలోతుకు వచ్చారు. అయ్యగారు ఆ పక్క, ఆమె ఈ పక్క, మధ్యన ఎలీనా. ముగ్గురూ ఒడ్డు వైపు తిరిగారు. ఆమె పెట్టించిన నియమమే. ఒడ్డున సంఘం పాట ఎత్తుకుంది.

ఎన్నో ఏళ్ళ తరవాత సముద్రానికి వీపు తిప్పి నిలబడింది వసంతకుమారి. ఒంటి మీది రోమాలన్నీ వెనక్కి చూస్తున్నట్టున్నాయి. పాటలోంచి చెవి వెనకటి చప్పుడునే వెతుకుతోంది. కోవ్ ముందు నుంచి ఏదో పెద్ద పడవ దాటి వెళ్ళిన మోత వినిపించింది, తగ్గిపోయింది. తిరిగి చూద్దామనుకుంది. ఒడ్డున అందరి కళ్ళూ తన మీదే. ఫోన్ తన మీదే. తిరగలేదు.

అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టాడు. అప్పుడు పాట ఆగిపోయింది. ఒడ్డున కరుణ ముఖం మారిపోవడం చూసింది ఆమె. కరుణ నోరు తెరిచింది గాని మాట ఇంకా రాలేదు. అంతలోనే పడవ రేపిన అల వెనకనుంచి వచ్చి వీపుల మీద కొట్టింది.

అయ్యగారు ముందుకి బోర్లాపడ్డాడు. అల ఒడ్డుదాకా వెళ్ళి, తిరిగి వెళ్తూ కాళ్ళ కింది గులకరాళ్ళన్నిటినీ లాగేసుకుంది. కింద నేలే లేదు. వసంతకుమారి వెల్లకిలా జారింది, ఆ నల్లటి నీళ్ళ వైపు. చీర తడిసి సీసంలా బరువెక్కింది. నీళ్ళు ముఖం మీదుగా మూసుకున్నాయి. లేతనీలం పోయి అంతా బూడిదరంగు అయిపోయింది. పన్నెండేళ్ళ పిల్లప్పటి ఆ రుచే, ఉప్పూ బురదా, మళ్ళీ నోట్లోకి వచ్చింది.

కళ్ళు తెరిచింది. ఎలీనా తన పైనే ఉంది. చేపపిల్ల, ఒక్క తన్ను తంతే పైకి పోగలదు. పోవడం లేదు. రెండు చేతులతో నడుం దగ్గర పీక్కుంటోంది. కొంగు బిగుసుకుని ఉంది, తీగలా. తను కిందికి జారేకొద్దీ పిల్ల కిందికి వస్తోంది.

ముడి! తనే వేసింది. లాగేకొద్దీ బిగిసే ముడి. చేతులు చాపి ముడి అందుకుంది. వేళ్ళకి రాయి తగిలినట్టయింది. అది విప్పితే విడేది కాదు. ఆ సంగతి భూమ్మీద ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? పిల్ల నోట్లోంచి బుడగలు వచ్చాయి. ఆ కళ్ళలో భయం చూసింది. ఈ పిల్ల కళ్ళలో భయం ఏనాడూ చూడలేదు ఆమె.

అమ్మ ఆనాడు ఒంటి మీది చీర ఎందుకు విప్పిందో అప్పుడు అర్థమైంది ఆమెకి.

భుజం దగ్గర పిన్ను లాగి పారేసింది. జాకెట్టు చిరిగింది. బొడ్డు దగ్గర కుచ్చిళ్ళు పట్టి గుప్పిళ్ళతో పెరికింది. చుట్టూ చుట్టూ చీర వదులైంది. ఒంటి మీద నుంచి జారిపోయింది. పిల్ల ఒక్కసారిగా పైకి లేచింది, వెనక తెల్లగా ఆరుగజాల చీర తోకలా పాకుతూ. వసంతకుమారి అది చూసింది. చాలనుకుంది.

కానీ ఆ పిల్ల ఆగితేగా! పైకి వెళ్ళి గుక్కెడు ఊపిరి పీల్చుకుని మళ్ళీ మునిగింది. చంక కింద చెయ్యి పడింది. గాలి తగిలింది. వసంతకుమారి దగ్గుతూ, పిల్ల మెడ పట్టుకుని వేలాడింది.

"మెడ వదులు, అమ్మమ్మా! పైకి చూడు! స్కై చూడు! కాళ్ళు వదిలెయ్!"

"వదిలితే..."

"నేను పట్టుకున్నా! వదులు!"

వదిలింది. చెవులు నీళ్ళలో ఉన్నాయి, ముఖం గాలిలో ఉంది. మునగలేదు. పైన ఆకాశం, ఓ పక్క కొండ అంచు. అలా వెల్లకిలా తేలుతుంటే ఎలీనా లాక్కొచ్చింది. షాలేం రాజు ఫోన్ పక్కవాళ్ళ చేతిలో పెట్టి, ప్యాంటు, షర్టు, బూట్లతో సహా నడుంలోతుకు దిగి చెయ్యి అందుకున్నాడు. "వదినా! వదినా!" అంటూనే ఒడ్డుకి లాగాడు.

ఒడ్డున సంఘమంతా చూస్తుండగా, చిరిగిన జాకెట్టుతో, పెట్టీకోటుతో, రాళ్ళ మీద కూర్చుంది వసంతకుమారి. కరుణ ఏడుస్తూ బీచ్ టవల్ కప్పింది. దాని మీద పెద్ద పసుప్పచ్చ బాతు బొమ్మ. ఎలీనా నడుముకి ఇంకా చీర వేలాడుతోంది. నలుగురు పట్టి లాగినా ముడి రాలేదు.

"కొయ్యండి" అంది వసంతకుమారి.

"మీ బాప్తిస్మాల చీర గదా, వసంతమ్మగారూ..." అన్నాడు అయ్యగారు. ఆయన మోకాళ్ళు చెక్కుకుపోయి రక్తం కారుతోంది.

"కొయ్యమన్నాను. అది పద్ధతి కాదు. నా భయం. పద్ధతని అబద్ధం చెప్పి కట్టాను."

 పళ్ళు కోయడానికి తెచ్చిన కత్తితో కరుణ కోసింది. నడుం మీద ఎర్రటి చార తేలింది పిల్లకి. ఆ చార మీద చెయ్యి వేసి వసంతకుమారి చాలాసేపు తియ్యలేదు.

షాలేం రాజు పక్కకి వచ్చి మెల్లిగా అన్నాడు. "ఆ వీడియో డిలీట్ చేశాను, వదినా. ఎవరూ చూడరు."

"ఎందుకు చేశావు? నా మనవరాలు నన్ను ఈడ్చుకొచ్చిన సంగతి అందులో ఉంది గదయ్యా!"

అయ్యగారు గొంతు సవరించుకున్నాడు. "వచ్చేవారం పూల్‌లో పెట్టుకుందాం, తల్లీ."

ఎలీనా వణుకుతోంది. పెదాలు నీలంగా ఉన్నాయి. "నో, అయ్యగారు. ఇవాళే. ఇక్కడే. మోకాళ్ళలోతు చాలు. నేను కూర్చుంటా." అని అమ్మమ్మ వైపు చూసింది.

వద్దనాలని ఉంది వసంతకుమారికి.   తన మాట సంఘంలో శాసనం. ఒక్క మాట అంటే చాలు, అందరూ ఇంటికి బయల్దేరతారు. అనలేదు. బాతుబొమ్మ టవల్ చుట్టుకుని లేచి, రాళ్ళ మీద తడబడుతూ మోకాళ్ళలోతు నీళ్ళలోకి నడిచింది. అయ్యగారూ ఎలీనా ఒడ్డు వైపు తిరిగారు. ఆమె తిరగలేదు. పిల్లకీ సముద్రానికీ మధ్య నిలబడింది, సంఘానికి వీపు పెట్టి.

"వదినా, ముఖం ఇటు గదా?" ఒడ్డునుంచి షాలేం రాజు గొంతు.

"సాక్ష్యం వాళ్ళు చెప్తార్లే. నువ్వు పాడు."

పాట మొదలైంది. ఆమె నీళ్ళనే చూస్తోంది. వేళ్ళు ముడేయడానికి కొంగు వెతుక్కున్నాయి. కొంగు లేదు. దూరంగా నీళ్ళ మీద సన్నగీత కనిపించింది.

"ఆగండి" అంది. గీత దగ్గరికొచ్చింది, లావైంది, మోకాళ్ళని కొట్టి దాటిపోయింది. కాళ్ళ కింద రాళ్ళు కదిలాయి. పాదాలు బిగబట్టి నిలబడింది. నీళ్ళు వెనక్కి వెళ్ళి సద్దుమణిగాయి.

"ఇప్పుడు" అంది.

వెనక నీళ్ళు కదిలిన చప్పుడు. పిల్ల మునిగింది. ఆ క్షణమంతా ఊపిరి తియ్యలేదు ఆమె. తరవాత పిల్ల లేచిన చప్పుడు, తుమ్మిన చప్పుడు, ఒడ్డున ఆడవాళ్ళ ఏడుపూ నవ్వూ వినిపించాయి. ఇన్నేళ్ళలో ఎందరి చేతులో పట్టుకున్న వసంతకుమారి, సొంత మనవరాలు మునిగి లేచినప్పటి ముఖం మాత్రం చూడలేదు.

తిరిగి చూడటానికి వీల్లేదు. అక్కడ ఇంకో గీత లేస్తోంది.

"ఒడ్డెక్కించండి పిల్లని" అంది కళ్ళు అటునుంచి తిప్పకుండా. "పూర్తిగా ఎక్కిందని చెప్పండి. అప్పుడొస్తాను నేను."