రెక్కల పిల్లల భవంతి

ఆ రోజుల్లో, అంటే డెబ్బయ్యో దశకం ముగిసి ఎనభైలు మొదలయ్యే వేళ, మిషిగన్‌లో మా ఊరికి గొప్పగా చెప్పుకోవడానికి ఒక భవంతి ఉండేది. విక్టోరియా రాణి కాలంలో ఎవరో ధనవంతుడు కట్టాడట. కట్టాడు సరే, తుడిచేవాళ్లను ఒక్కమాట అడిగి కట్టాడా? తలుపులకు చెక్క ద్రాక్షగుత్తులు, కుర్చీలకు సింహం మొహాలు, మెట్ల స్తంభాలకు రెక్కలున్న పసిపిల్లలు. ఒక్కో పిల్లకు పది వేళ్లు, వేళ్ల సందుల్లో దుమ్ము. భవంతి మ్యూజియం అయ్యాక ఆ దుమ్మంతా నా వంతుకు వచ్చింది. (మా ఆయన స్నేహితులతో "మావిడది మ్యూజియంలో జాబ్" అనేవారు. చేతిలో గుడ్డ ఉంటుందని మాత్రం చెప్పేవారు కాదు.)

నా కన్నేమో గైడ్ బ్యాడ్జి మీద. గైడ్ నిలబడి మాట్లాడుతుంది, నేను మోకాళ్ల మీద తుడుస్తాను, అంతేగా తేడా అనుకునేదాన్ని. ఒక ఆదివారం గైడ్‌కు జ్వరం వచ్చింది. అదే రోజు డెట్రాయిట్ నుంచి ఇరవై మంది తెలుగువాళ్లు దిగారు. మేనేజరమ్మ నా చేతిలో చెప్పాల్సిన వివరాలు రాసున్న నాలుగు కాగితాలు పెట్టి, "నీ భాషవాళ్లే, నువ్వే చూపించు. బాగా చేస్తే బ్యాడ్జి నీదే," అంది ఇంగ్లీషులో. నాకప్పటికి ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. ఆ సంగతి ఆమెకు తెలియనిస్తేగా! కాగితాలను గంభీరంగా తిరగేసి, మడిచి చంకలో పెట్టుకున్నాను.

ముందుగదిలోనే ఒక డాక్టరుగారు పట్టుకున్నారు. "ఇది ఏ స్టైల్ అమ్మా?"

"తుడవడానికి మూడు రోజులు పట్టే స్టైలండీ."

అందరూ గొల్లుమన్నారు. ఇక నన్నెవరాపుతారు? పనివాళ్ల వెనక మెట్లు ఎక్కించాను, బొగ్గుల గది చూపించాను, రెక్కల పిల్లల వేళ్లన్నీ లెక్కపెట్టించాను. డాక్టరుగారి భార్య అయితే ఆయాసపడుతూనే, "ఏవండీ, ఇలాంటి ఓల్డ్ హౌస్ కొందామన్నారుగా, కొనండి. క్లీన్ చేసేది మాత్రం మీరే!" అంది. ఈ సందడిలో, జనం అసలు చూడ్డానికొచ్చే పెద్ద హాలు చూపించకముందే టైం అయిపోయింది.

గుమ్మం దగ్గర మేనేజరమ్మ డాక్టరుగారిని ఆపి, చెక్కపని గురించి నేను వివరంగా చెప్పానా అని అడిగింది. ఆయన నా చంకలోని కాగితాలు చూశారు, నా మొహం చూశారు. నేను కాగితాలను చంకలో ఇంకాస్త లోపలికి నొక్కుకున్నాను.

"ఒక్క వేలు కూడా వదల్లేదు మేడమ్," అన్నారాయన, ఇంగ్లీషులో, నవ్వకుండా.

బ్యాడ్జి వచ్చింది. తుడవడానికి కొత్త మనిషి దొరికేదాకా ఆ పని కూడా నాదేనన్నారు. (ఎంత వెతికారో పాపం, నాలుగేళ్లయినా దొరకలేదు.) పొద్దున మోకాళ్ల మీద, మధ్యాహ్నం నిలబడి. హాల్లో నిలువుటద్దం ముందు ఆగి, బ్యాడ్జి చూసుకుని మురిసిపోయి, పనిలో పనిగా ఆ అద్దం చట్రం కూడా తుడిచేసి వచ్చేది ఆనాటి నాలోని ఆ పిచ్చిపిల్ల. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. దగ్గరికి తీసుకుని, కాసేపు కూర్చోవే అనాలనీ అనిపిస్తుంది.