జ్వరం దిగాక వచ్చే మనిషి

2023 వానాకాలం. విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తున్నాను. నా విభాగం మైక్రోబయాలజీ, అంటే కంటికి కనబడని క్రిముల్ని వెతికి పట్టుకునే పని. వానలు మొదలయ్యాయంటే మలేరియా, డెంగీ, టైఫాయిడ్ తప్ప మాకు వేరే లోకం ఉండదు.

గజపతినగరం దగ్గర పల్లె నుంచి పైడిరాజు అనే తాపీమేస్త్రి అప్పటికి మూడోసారి వచ్చాడు. తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లివారింటికి వచ్చినట్టు వచ్చాడు. పక్కన భార్య గౌరి. వెనకాల మామ అప్పలనాయుడు. పైడిరాజు ఇల్లరికపుటల్లుడు. బయటి పనులు లేనప్పుడు మామ పొలంలో దిగాలి. అంతకుముందు చేసిన రెండు పరీక్షల్లోనూ అన్నీ నెగెటివ్ వచ్చాయి.

"సూడమ్మా," అన్నాడు అప్పలనాయుడు, నన్ను తీర్పు చెప్పమన్నట్టు. "ఊడుపులనీసరికి ఈడికి జరమొస్తాది. ఆస్పత్రికి రాగానే పారిపోతాది. మా దున్నపోతుకి కూడా ఇంత తెలివి నేదు."

"నానా, నోరు మూసుకో. వొల్లు పెనంలా కాలిపోతంటే సెయ్యెట్టి సూసింది నాను, నువ్వు కాదు." గౌరి తిరగబడింది.

"సరే. ఈపాలీ కాయితంలో ఏటీ నేకపోతే, మీ ఇద్దరూ ఏరే కుండెట్టుకోండి. దొంగజరాలోణ్ణి నాను మేపనేను."

పైడిరాజు తల దించుకుని చెయ్యి చాచాడు. రక్తం తీద్దామని పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"జ్వరం ఏదయ్యా?"

"నిన్న దిగిపోనాదమ్మా," అంది గౌరి. "తలకి పోసి, పథ్యమెట్టి, అప్పుడు తీసుకొచ్చినాను."

"ముందు రెండుసార్లు?"

"అప్పుడూ అంతే. జరంలో గాలి తగలకూడదు కదేటి? ఆటోలో కూకోబెట్టి మనిషిని సంపీమంటారా?"

సిరంజి పక్కన పెట్టేశాను. దొంగ వెళ్లిపోయాక, ఇల్లు ఊడ్చి ముగ్గు పెట్టి, అప్పుడు పోలీసుల్ని పిలిచినట్టుంది వీళ్ల వరస. ఆమెను అంటున్నాను గానీ, రెండుసార్లు రక్తం తీసుకుని ఒక్క ప్రశ్న వెయ్యని మా ల్యాబు మాత్రం తక్కువ తిందా? జ్వరం ఎలా వస్తోందో కూర్చోబెట్టి అడిగాను. మూడు నాలుగు రోజులు మండిపోతుందట, హఠాత్తుగా చెమటలు పట్టి దిగిపోతుందట, వారం పైన బాగుంటాడట, మళ్లీ వస్తుందట.

"ఇంతకీ ఈ జ్వరాలు మొదలవకముందు ఎక్కడున్నావు?"

"కాశ్మీరు కొండల్లో రోడ్డు పనమ్మా. గొర్రెలోల్లు ఒగ్గీసిన రాతి కొట్టంలో తొంగునేవోల్లం."

కాలేజీలో చదివిన పాఠం ఒకటి బుర్రలో కదిలింది. పశువుల ఒంటి మీద పిడుదులుంటాయి, మనందరికీ తెలుసు. వాటిలో ఒక రకం ఒంటిని పట్టుకుని వేలాడదు. గోడ పగుళ్లలో దాక్కుని, పడుకున్న మనిషిని నిద్రలో కుట్టి, నొప్పి తెలిసేలోపు వెళ్లిపోతుంది. అది ఒంట్లోకి వదిలే క్రిమి పేరు బొరీలియా. మెలి తిరిగిన సన్నటి దారంలా ఉంటుంది. మన శరీరం దాన్ని గుర్తుపట్టి తరిమేసరికి జ్వరం దిగుతుంది. మిగిలిన నాలుగూ శరీరం గుర్తుపట్టకుండా పైచొక్కా మార్చుకుని, మళ్లీ సంతానం పెంచుకుని, మళ్లీ వస్తాయి. దీన్ని రిలాప్సింగ్ ఫీవర్ అంటారు, తిరగబెట్టే జ్వరం. జ్వరం మీదున్నప్పుడు రక్తంలో ఈదుతుంటాయి. దిగాక చూస్తే దొరకడం కష్టం.

డాక్టరు గారికి చెప్తే నవ్వారు. "మన జిల్లాలో అది నేనెప్పుడూ చూడలేదమ్మా."

"నేనూ చూడలేదు. కానీ సార్, రోగం అంటింది కాశ్మీరులో. మన జిల్లాని ఎందుకు అడుగుతారు?"

నవ్వు ఆపి, "మళ్లీ జ్వరం రాగానే తెప్పించండి," అన్నారు. మంచి డాక్టరు లక్షణం అది, వాదనలో ఓడిపోయినా మొహం మాడ్చుకోరు.

గౌరిని ఒప్పించడమే కష్టమైంది. గాలి, గాలి అని ఒకటే గోల. చివరికి ముడి విప్పినవాడు అప్పలనాయుడే, అల్లుడి దొంగజ్వరం బయటపెట్టే సరదాతో. "నాను తెస్తానమ్మా. గాలి కాదు, దోమ కూడా దూరదు."

తరవాతి వారం ఒక మధ్యాహ్నం ఆసుపత్రి ముందు ఆటో ఆగింది. రెండు పక్కలా చీరలు కట్టారు, వెనకాల టార్పాలిన్. ఎవరో పురుటికి వచ్చారనుకుని వాచ్‌మన్ స్ట్రెచర్ లాక్కొచ్చాడు. చీర తొలగిస్తే గొంగళి, గొంగళి లోపల దుప్పటి, దుప్పటి లోపల వణుకుతున్న పైడిరాజు. చెయ్యి పట్టుకుంటే కాలింది. నాకు పట్టరానంత సంతోషం వేసింది. ఒకరికి జ్వరం వచ్చిందని సంతోషించడం మా వృత్తిలోనే చెల్లుతుంది.

ఒక చుక్క రక్తం గాజు పలక మీద వేసి, పైన పలచటి అద్దం పెట్టి, మైక్రోస్కోపు కింద చూశాను. ఎర్రకణాలు ఉన్నట్టుండి పక్కకి తప్పుకుంటున్నాయి, సిరిమాను సంబరంలో జనాన్ని తోసుకుంటూ ఎవరో వెళ్తున్నట్టు. తోస్తున్నది కనపడలేదు. రంగు వేసిన స్మియర్‌లో, అంటే పలక మీద పలచగా పరిచిన రక్తపు పూతలో, దొరికింది. ఊదారంగు మెలికల దారం. ఒకటి కాదు, చూపు పెట్టిన చోటల్లా.

"సార్!" అని నేను అరిచిన అరుపుకి డాక్టరు గారు టీ కప్పుతోనే పరుగెత్తుకొచ్చారు. చూశారు. టీ నాకిచ్చి మళ్లీ చూశారు.

అప్పలనాయుణ్ణి లోపలికి పిలిచాను. "రండి బాబూ, దొంగని చూద్దురుగాని."

ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. "ఇయ్యన్నీ ఆడి నెత్తుర్లో ఉన్నాయేటి?"

"ఆ."

"ఇన్ని ఉంటే మనిషి ఊడుపెలా ఊడుస్తాడమ్మా?"

వైద్యం డాక్సీసైక్లిన్, మామూలు యాంటీబయాటిక్. చిక్కల్లా మొదటి మోతాదుతోనే. క్రిములు ఒక్కసారిగా చచ్చేసరికి జ్వరం ఇంకా పెరగొచ్చు, అందుకే వార్డులో ఉంచారు. అనుకున్నట్టే వణుకు మంచం అదిరేలా వచ్చింది. నర్సులు ఒకవైపు, మామ ఒకవైపు. అల్లుడి కాళ్లు ఒళ్లో పెట్టుకుని రుద్దుతూ, "నాను మాటన్నాను గానీ, నువ్వు మనసులో ఎట్టుకోకురా బావూ," అంటున్నాడు. పైడిరాజు పళ్లు కొట్టుకుంటుండగానే, "దున్నపోతుకన్నా... తెలివైనోణ్ణేగా... మావా," అన్నాడు. గౌరి ఏడుస్తూ నవ్వింది. సాయంత్రానికి వణుకు ఆగింది. పెద్ద ల్యాబుకి పంపిన నమూనాలోనూ బొరీలియానే అని తేలింది. జ్వరం ఇక తిరిగి రాలేదు.

కొన్నాళ్లకి అప్పలనాయుడు ఫోన్ చేశాడు. ఊడుపులు అయిపోయాయట, అల్లుడు తనకన్నా ముందే మడి ఊడ్చి గట్టెక్కాడట. అసలు సంగతి చివర్న అడిగాడు.

"అమ్మా, ఈ జరం మా మండలంలో ఇంకెవుడికీ రానేదు కదా?"

"నాకు తెలిసి రాలేదు."

"అదీ! మా అల్లుడికే వచ్చినాది," అని ఊరంతా వినపడేలా అరిచి ఫోన్ పెట్టేశాడు.

ఇప్పుడు సూది విప్పకముందే అడుగుతాను: జ్వరం ఎప్పుడొచ్చింది, ఇప్పుడుందా, ఏ ఊళ్లు తిరిగొచ్చారు. లైను ఆలస్యమవుతోందని విసుక్కునేవాళ్లకి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. నెగెటివ్ అంటే ఆ పూట, ఆ చుక్కలో మాకు దొరకలేదని, అంతవరకే. మనిషి అబద్ధమాడుతున్నాడని తేల్చే పరీక్ష ఏ ల్యాబులోనూ లేదు.