మా నూతికి నేను చేసిన మేలు

చెప్పండర్రా చూద్దాం. మన పెరట్లో గొయ్యి తవ్వి నీళ్ళు పోస్తే, ఆ నీళ్ళు ఎటు పోతాయి?

కిందికా? ఇద్దరిదీ అదే జవాబా? రిటైరయ్యేదాకా బళ్ళో సైన్సు చెప్పిన మీ అమ్మమ్మని, నేను కూడా మొన్నటిదాకా అదే జవాబు చెప్పేను. తప్పు. ఎందుకు తప్పో వినండి. అరుగు మీదున్న ఆ బిందె మాత్రం ముట్టుకోకండి, దాని సంగతి కూడా వస్తుంది.

చుట్టూ రొయ్యల చెరువులు తవ్వేక మన వీధిలో నూతులన్నీ ఒక్కొక్కటే ఉప్పనెక్కిపోయేయి. ఆ నీళ్ళలో పప్పు ఉడకదు, నోట్లో పోసుకుంటే ఉమ్మెయ్యాల్సిందే. మంచినీళ్ళ నుయ్యి మనదొక్కటే మిగిలింది. ఎదురింటి సత్యవతి వదినగారు తెల్లవారగానే బిందె పట్టుకుని వచ్చేవారు. వాళ్ళమ్మాయి పురిటికొచ్చి, పిల్లాణ్ణి కని ఇంకా ఇక్కడే ఉంది. పసివాడికి డబ్బాపాలు కలిపేది కూడా మన నూతి నీళ్ళతోనే. ఈ నుయ్యి కూడా ఉప్పగా అయిపోతే వీధంతా ఏమైపోతుందని నాకు ఒకటే బెంగ.

అంతలో మండలాఫీసులో మీటింగు పెట్టేరు. వాన నీళ్ళు, వాడిన నీళ్ళు వృథా చెయ్యకండి, ఇంకుడు గుంత తవ్వి భూమికి తాగించండి, నూతుల్లో నీళ్ళు పెరుగుతాయి అన్నారు. ఇంకేం, ఊళ్ళో మొదటి గుంత మా పెరట్లోనేనండీ అని లేచి చెప్పేసేను. చప్పట్లు కొట్టేరు. రిటైరయ్యేక నాకు చప్పట్లు కొట్టినవాళ్ళెవరు?

గుంత నూతి పక్కనే తవ్వించేను. దగ్గరగా ఉంటే నూతికి త్వరగా అందుతుందని నా తెలివి. తవ్వుతుంటేనే అడుగున చెమ్మ ఊరింది. భూమి మెత్తగా ఉంది, బాగా ఇంకుతుందని సంబరపడ్డాను కూడా. అడుగున గులకరాళ్ళు, వాటి మీద బొగ్గు, పైన ఇసుక. అరుగు మీద సుద్దముక్కతో బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి, తాతయ్యకి పాఠం చెప్పేను.

ఆయన ఓపిగ్గా విని, "ఇన్నాళ్ళూ ఆ నీళ్ళు అరటిచెట్లకే పోయేవి కదే. అవేం వృథా చేసేయి, గెలలు వేసేయి గాని," అన్నారు.

అది పాత పద్ధతి, ఇది సైంటిఫిక్ అన్నాను. చూరు నీళ్ళు, స్నానాల నీళ్ళు, అంట్లు తోమిన నీళ్ళు, అన్నీ గుంతలోకి తిప్పించేను.

వెంటనే ముసురు పట్టింది. మర్నాడు చూద్దును కదా, గుంత నిండుగా ఉంది. ఇంకడం మాట దేవుడెరుగు, అడుగు నుంచి నీళ్ళు పైకి ఊరుతున్నాయి. ఇక్కడ బుర్ర పెట్టండి. మనం గోదావరి పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్నాం. గునపం దింపితే నీరే. ఈ భూమి అప్పటికే కడుపునిండా తాగి ఉంది. ఇంకా తాగమని బలవంతం చేస్తే కక్కుతుంది. గుంతలో నీళ్ళూ నూతిలో నీళ్ళూ కిందనే కలిసిపోయేయి.

ఇదంతా ఇప్పుడు చెప్తున్నాను. అప్పుడు తట్టలేదు. తాతయ్య కాఫీ ఒక గుక్క తాగి, గ్లాసు పక్కన పెట్టి, "ఇది తాగడానికిచ్చేవా, తలకి పోసుకోడానికా?" అని అడిగేరు. జ్వరమొచ్చి మీ నోరు పాడైందేమోనన్నాను. ముసురు తగ్గేదాకా అదే మాట మీద ఉన్నాను.

ఆ తరవాత ఒక పొద్దున్న సత్యవతి వదినగారు బిందె లేకుండా వచ్చేరు.

"ఏమీ అనుకోకండి వదినగారూ. నీళ్ళు కాస్త సబ్బు వాసన వస్తున్నాయండి. మీకు చెప్పడం బాగుండదని ఊరుకున్నాం. పిల్లాడికి వాంతులు, విరోచనాలు. అమలాపురం తీసుకెళ్తున్నామండి."

నేను గీసిన బొమ్మలో గులకరాళ్ళున్నాయి, బొగ్గుంది, బాణాలున్నాయి. ఆ పిల్లాడెక్కడా లేడర్రా.

ఆసుపత్రిలో ఆ బుల్లి చేతికి సెలైను పెట్టేరు. నేను బెంచీ మీద కూచుంటే, ఏమైనా తిన్నారా వదినగారూ అని ఆవిడే నన్ను అడిగేరు. బతికేడు, నా తండ్రి. ఎదురింట్లోంచి ఏడుపు వినబడుతోందా? మీకు చిరాగ్గా ఉందేమో. నాకు మాత్రం ఎంత హాయిగా ఉందో.

నుయ్యి తోడించేం, బ్లీచింగు చల్లేం, మళ్ళీ తోడించేం. ఇప్పుడు ఆ నీళ్ళు స్నానాలకీ బట్టలకీ తప్ప పనికిరావు. వీధి వీధంతా కాలవ దాటి కుళాయికి నడుస్తున్నారు. ఆ బిందె సత్యవతి వదినగారు మోసుకొచ్చిందే. వాళ్ళకి తెచ్చుకున్నాక మనకొకటి దింపి వెళ్తారు. వద్దండీ, నాకు సిగ్గుగా ఉంది అంటే, "ఆయ్, ఇన్నాళ్ళూ మీ నీళ్ళే తాగేం కదండీ," అన్నారు. నాలుగు తిట్టినా బాగుండేది.

మొన్న మండలాఫీసు నుంచి ఒకాయన వచ్చేరు, గుంత ఎలా ఉందండీ మేడమ్‌గారూ అని. బ్రహ్మాండంగా ఉంది, నీటిమట్టం గట్టుదాకా పెరిగింది అని చూపించేను. అందులోంచి ఒక కప్ప ఆయన బూటు మీదకి గెంతింది. ఊళ్ళో నా గుంత వల్ల బాగుపడింది అదొక్కటే.

సరే, లేవండి. స్నానాలు చేసి, ఆ నీళ్ళు బకెట్లతో మోసి అరటిపాదుల్లో పొయ్యండి. నూతి వైపు చుక్క జారకూడదు. గుంత ఇంకా సగమే పూడింది. ఆ తట్ట ఇలా ఇవ్వండి, చీకటి పడేలోగా ఇంకాస్త మట్టి పోసి వస్తాను.