నారుమడి వాసన అడిగే మావయ్య

మా పక్క చేను మావయ్య మొన్న సోమవారం పోయారు. కోడూరు నుంచి కబురొచ్చేసరికి నా చేతిలో నలిపిన నారాకు ఉంది. అలా నలిపి వాసన చూడటం ఆయన నేర్పిందే.

మాకు చుట్టరికమేమీ లేదు. మా ఆయన లారీ మీద వెళ్తాడు కాబట్టి కౌలు చేను నేనే చూసుకునేదాన్ని. మొదటి ఏడు నా నారు నల్లగా నిగనిగలాడాలని యూరియా దండిగా చల్లాను. మావయ్య ఒక ఆకు తుంపి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఏమ్మా, విందుకు పిలిచావా?"

"ఎవర్నండీ?"

"పొద్దు వాలనీ, వాళ్లే వస్తారు."

సాయంత్రం ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. పసుప్పచ్చ రెక్కల పురుగులు ఆయన మడి దాటి వచ్చి నా మడి మీద వాలాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ గుడ్లు పొదిగితే పిల్లపురుగులు కాండం తొలిచేస్తాయి, కంకి తెల్లగా తాలుపోతుంది.

"లేతాకు వాసన దానికి అన్నం ఉడికిన వాసనమ్మా. పిల్లలకి తిండి దొరికేచోటే గుడ్లు పెడుతుంది. అదీ తల్లేగా, తిట్టకు" అన్నారు.

గుడ్లు ఆకు కొసల మీదే ఎక్కువ ఉంటాయి. అందుకని నాట్లకి ముందు నారు కట్టల కొసలు కత్తిరించడం నేర్పారు. ఆ ముక్కల్ని తన కండువాలోనే మూటగట్టి, దూరంగా తీసుకెళ్లి పాతిపెట్టేవారు. ఆ కండువా చూసి వాళ్లమ్మాయి వచ్చినప్పుడల్లా దెబ్బలాడేది.

రెండేళ్ల కిందట జ్వరమొచ్చి ఆయనకి వాసన తెలియకుండా పోయింది. "సాంబారూ పేడా నాకిప్పుడు ఒకటేనమ్మా" అని నవ్వేవారు. కోడూరులో కూతురింటికి మారాక, నారు పోసిన రోజుల్లో సాయంత్రమయ్యేసరికి ఫోన్ చేసేవారు. "ఇవాళ వాసన ఎలా ఉంది?" అదొక్కటే ప్రశ్న.

కిందటేడు వానలకి నారు పాలిపోతే కంగారుపడి మళ్లీ యూరియా ఎక్కువేశాను. సిగ్గేసి, "బాగానే ఉందండీ" అని అబద్ధమాడాను. మర్నాడు పొద్దున్నే జేబులో కత్తెరతో బస్సు దిగారు. నేరుగా నా నారుమడికే వచ్చారు. మధ్యాహ్నం దాకా ఇద్దరం కొసలు కత్తిరించాం. వెళ్తూ వెళ్తూ అన్నారు: "పోయింది ముక్కేనమ్మా, చెవులు కాదు. నీ గొంతు నాకు తెలీదా? ఈసారి ఎక్కువైతే ఎక్కువైందనే చెప్పు."

ఈ ఏడూ యూరియా చల్లడంలో చెయ్యి జారింది. సోమవారం ఆకు నలిపితే ఘాటుగా కొట్టింది. ఈసారి నిజమే చెబుదామని ఫోన్ తీశాను. నా చేతిలో ఉండగానే మోగింది. ఆయన నంబరే.

"మావయ్యా, ఎక్కువైందండీ" అనేశాను.

అవతల వాళ్లమ్మాయి ఏడుస్తోంది.